షష్ఠ్యంతాలు చదివే కెమెరాలు

మన ప్రబంధాల్లో కథకు ముందు అవతారిక ఉంటుంది. కృతిభర్త వంశాన్ని, దానగుణాన్ని, కీర్తిని పొగిడి, చివర షష్ఠ్యంతాలు చదివి కావ్యాన్ని ఆయన చేతిలో పెడతారు. ఆ కవి ఎంత పొగిడినా ఆ తర్వాత కథలోకి వెళ్తాడు. బస్తీల్లో జరిగే సేవ మీద వస్తున్న డాక్యుమెంటరీలకు ఆ మాత్రం ఓపిక కూడా లేదు. అవతారికే మొదలు, అవతారికే ముగింపు. దాత కృతిభర్త. బస్తీ ఆయన వెనక కట్టిన తెర.

మిత్రులారా, ఈ మధ్య కొందరు విద్యార్థులు ఇలాంటి స్క్రిప్టులు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అన్నింటిదీ ఒకటే వరస. పైనుంచి రేకుల కప్పులు, మురికి కాలువ పక్కన ముక్కు కారుతున్న పిల్లాడు, ఆ తర్వాత కారు దిగుతున్న దాత. ఆ విద్యార్థుల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఈ వ్యాకరణం నేర్పిన సినిమాల మీదే నా తగాదా.

'బార్న్ ఇంటూ బ్రాథెల్స్' తీసుకోండి. 2004లో వచ్చింది, 2005లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ గెలిచింది. కలకత్తా సోనాగాచీలో సెక్స్ వర్కర్ల పిల్లలకు ఒక విదేశీ ఫొటోగ్రాఫర్ కెమెరాలిచ్చి ఫొటోలు తీయడం నేర్పుతుంది, బడుల్లో సీట్ల కోసం తిరుగుతుంది. ఆమె కష్టం నిజం. పిల్లల ఫొటోలు అమ్మి వాళ్ల చదువుకు డబ్బు కూడబెట్టడమూ నిజం. కానీ ఆ సినిమాలో తల్లులు ఎలా కనిపిస్తారు? తిట్టేవాళ్లుగా, పిల్లల దారికి అడ్డంగా. అదే సోనాగాచీలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన ఆరోగ్య కార్యక్రమం ఉంది. 1995 నుంచి ఆ తల్లులే నడుపుకుంటున్న దుర్బార్ సంఘం ఉంది. వాళ్ల పొదుపు కోసం వాళ్లే పెట్టుకున్న ఉషా సహకార సంఘం ఉంది. ఫ్రేములో వీటికి చోటు దొరకలేదు. ఎందుకంటే తల్లులు సంఘం పెట్టుకున్నారని తెలిస్తే, రక్షకురాలి అవసరం సగం తగ్గిపోతుంది.

ఈ ఫ్రేము నాకు కొత్త కాదు. నేను సంక్షేమ హాస్టల్లో చదువుకున్నాను. దుప్పట్లు పంచడానికి పెద్దమనుషులు వచ్చేవాళ్లు. ఫొటోగ్రాఫర్ వచ్చేదాకా మమ్మల్ని ఎండలో వరసగా నిలబెట్టేవాళ్లు. మెస్ బిల్లులు నెలల తరబడి ఎందుకు రావడం లేదని మాలో ఎవరినీ ఎవరూ అడగలేదు. దుప్పటి దానం కాబట్టి ఫొటోకి పనికొచ్చింది. మెస్ బిల్లు హక్కు కాబట్టి పనికిరాలేదు.

'దానం చేస్తే తప్పా? ఆకలితో ఉన్నవాడికి నీ సిద్ధాంతం అన్నం పెడుతుందా?' అని అడుగుతారు. పెట్టండి, ఎవరూ వద్దనరు. మనం అడుగుతున్నది అన్నం గురించి కాదు, అన్నం ముందు పెట్టిన కెమెరా గురించి. మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయిన కార్మికుడి భార్యకు బియ్యం బస్తా ఇస్తూ తీసిన వీడియోకి కన్నీళ్లు వస్తాయి, లైకులు వస్తాయి. మనుషులతో పాకీపని చేయించడాన్ని, రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలాంటి చావుకు 10 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ బస్తా ఇచ్చిన చేతిని చూపించిన కెమెరా, ఆ 30 లక్షలు ఏ ఆఫీసులో ఆగాయో, అతన్ని లోపలికి దించిన కాంట్రాక్టర్ మీద కేసు ఏమైందో ఎందుకు అడగదు? అడిగితే చావుకి కారణం పేదరికం కాదు, కులం అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట అంటే విరాళాలు రావు.

ఇంకో రకంగా తీయొచ్చా? తీశారు. ఆనంద్ పట్వర్ధన్ 1985 నాటి 'బాంబే అవర్ సిటీ'లో గుడిసె కూల్చేసిన ఒక తల్లి, మమ్మల్ని ఫొటోలు తీసి పేరు తెచ్చుకోవడం తప్ప నువ్వేం చేస్తావని దర్శకుణ్నే నిలదీస్తుంది. ఆయన దాన్ని కత్తిరించలేదు. ఆ సినిమాలో పాడిన దళిత గాయకుడు విలాస్ ఘోగ్రే, 1997 జూలైలో రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పులకు పదిమంది బలైన కొద్దిరోజులకే ఉరేసుకున్నాడు. ఆయన ఎందుకు చనిపోయాడో వెతుక్కుంటూ పట్వర్ధన్ పద్నాలుగేళ్లు 'జై భీమ్ కామ్రేడ్' తీశాడు. అందులో బస్తీ పాడుతుంది, వాదిస్తుంది, తన నాయకుల్ని కూడా ప్రశ్నిస్తుంది. చేతులు జోడించి ఎవరి రాక కోసమూ ఎదురుచూడదు. పట్వర్ధన్ దళితుడు కాదు. పుట్టుకతో సంబంధం లేకుండా, నిలబడే చోటు మార్చుకుంటే సినిమా మారుతుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కెమెరా పట్టుకుని బస్తీకి వెళ్లండి. వెళ్లాక ముందు అక్కడి సంఘం ఎవరిదో కనుక్కోండి. పిల్లాడి మొహం తీసే ముందు అమ్మను అడగండి, ఆమె వద్దంటే ఆపేయండి. ఎడిటింగ్ అయ్యాక మొదటి ప్రదర్శన దాతల హాల్లో కాదు, ఆ గల్లీలోనే వేయండి. వాళ్లు తిడితే ఆ తిట్టు కూడా సినిమాలో ఉంచండి. ఎవరు ఇచ్చారన్నది చివరి టైటిల్స్‌లో ఒక లైను చాలు. ఎవరు ఎగ్గొట్టారన్నది మాత్రం పేరుతో సహా సినిమా నిండా ఉండాలి.

జై భీమ్.