గ్లోబు కొత్తదైతే కొత్తదని రాయండి



కారైకుడి మునీశ్వరన్ కోవిల్ వీధి పాత సామాన్ల కొట్ల మీద మీ పత్రికలో వేసిన వ్యాసంలో, భాగాలు పొసగని గాజుదీపాలన్నీ నకిలీలేనని తేల్చేశారు. మదురై చుట్టుపట్ల మన నాయుళ్ళ, రెడ్ల చావిళ్ళలో వేలాడే దీపాలు చూస్తూ పెరిగినదాన్ని, ఆ మాట ఒప్పుకోలేను.

గాజన్నాక పగులుతుంది. బర్మింగ్‌హామ్ గాజు కంపెనీ ఆస్లర్‌కి కలకత్తాలో షోరూము ఉండేదన్నది నిజమే, కానీ ఒక్క గ్లోబు కోసం అంతదూరం ఎవరు పోతారు? బజార్లో ఏది పడితే అది తెచ్చి పెట్టుకున్నారు. అసలు కొత్తలోనే అన్నీ ఒక చోటివి కావు. బర్నర్లు ఒక కంపెనీవి, కిరసనాయిలు బుడ్లు ఇంకో కంపెనీవి. బెర్లిన్ బర్నరు ఇంగ్లీషు బుడ్డి మీద కనబడితే ఉలిక్కిపడక్కర్లేదు.

మోసమల్లా ఒక దీపం కాడకి ఇంకో దీపం బుడ్డి తగిలించి, మొన్నటి ఫిరోజాబాద్ గ్లోబు పెట్టి, 'మొత్తం బెల్జియం' అనడంలో ఉంది. గాజూ ఇత్తడీ కలిసేచోట చూడండి. పాత అతుకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది. కిరసనాయిలు పీల్చి గోధుమరంగుకి తిరిగి, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. తెల్లగా ఉన్నా, అరాల్డైట్ మెరుపు కనిపించినా ఈమధ్య ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. గ్లోబు తీసి బోర్లించండి. ఏళ్ళ తరబడి ఇత్తడి మీద కూర్చున్న అంచుకి సన్నటి గీతలుంటాయి. కొత్తగా కొలతకి కోసి అరగదీసిన అంచు వేలికి ఉప్పుకాగితంలా తగులుతుంది. ముక్కల్ని పగటి వెలుతురులో తెల్లపంచె మీద పక్కపక్కన పెట్టండి. ఒకటి ఆకుపచ్చకీ ఒకటి బూడిదరంగుకీ తిరిగితే అనుమానించాల్సిందే. నోట్లు పరీక్షించే టార్చి కూడా పనికొస్తుంది: యురేనియం కలిపిన గాజైతే పచ్చగా వెలుగుతుంది, పక్కముక్క వెలగకపోతే అది వేరే గాజు. అయితే అన్నిటికన్నా నేను నమ్మేది ఆ అతుకునే.

1972 నాటి పురావస్తువుల చట్టం ఇలాంటి వస్తువుల్లో నూరేళ్ళకి తక్కువ కానిదాన్నే పురావస్తువంటుంది. నూరేళ్ళ బుడ్డి మీద నిరుటి గ్లోబుంటే కొట్టువాడు దేని వయసు చెబుతున్నట్టు? అందుకే కాడ, బుడ్డి, బర్నరు, గ్లోబు, దేనికది విడిగా బిల్లులో రాయించుకోవాలి. ధర కూడా ఆ ప్రకారమే. బుడ్డి మంచిదైతే కొత్త గ్లోబుతోనైనా నేను కొంటాను. రాయనన్నవాడు సగం ధరకిస్తానన్నా తీసుకోను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మదురై