ఈ నెల మాట: ఎక్కు

ఇంటికి కొత్త కారు వచ్చిందా? నిమ్మకాయలు తొక్కించారా? ఇక స్నేహితులతో షికారే! గిరావీన్ నుంచి హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్లి రండి.

తెలుగులో కారు ఎక్కుతాం, బస్సు ఎక్కుతాం, ఓడ కూడా ఎక్కుతాం. 1903 నుంచి మనవాళ్లు మద్రాసులో ఓడ ఎక్కారు. ఐదేళ్ల గిర్మిట్ మీద ఫిజీ చెరకు తోటలకు వచ్చారు.

కారులో సీట్లు ఐదే. మీరు నడిపి, స్నేహితులు నలుగురు ఎక్కితే, "నేను తర్వాత వస్తాలే" అని అవ్వ గుమ్మంలోనే ఆగిపోతుంది. ఒక స్నేహితుణ్ని రెండో విడతకు ఆపండి. ముందు తలుపు తీసి, "అవ్వా, కారెక్కు" అనండి. సీటు బెల్టు మీరే పెట్టండి.

దారిలో తెలుగులోనే అడగండి: "అవ్వా, మనలో ఓడ ఎక్కింది ఎవరు? వాళ్లది ఏ ఊరు?"

ఇంటికొచ్చాక జవాబు రాసుకోండి. వచ్చే నెల మాట: దిగు.