ఇంటర్న్‌షిప్ కొనేదా, చేసేదా?

బీటెక్ పరీక్షలు ముగిసే వేళకు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా ప్రకటనలు వచ్చిపడతాయి. నాలుగు వారాల వర్చువల్ ఇంటర్న్‌షిప్, క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్. ప్రాజెక్టు రిపోర్టు కూడా వాళ్లే పంపిస్తారు, ఫీజు ఫోన్‌పే చేస్తే చాలు. హాజరు అడిగేవాళ్లుండరు, తప్పు దిద్దేవాళ్లూ ఉండరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి సిలబస్ నిబంధనలు బీటెక్‌లో వేసవి ఇంటర్న్‌షిప్‌లను తప్పనిసరి చేశాయి. ఉద్దేశం మంచిదే. అయితే ఒకే వేసవిలో ఇంతమందికి చోటివ్వగల కంపెనీలు ఊరూరా ఎక్కడున్నాయి? ఆ లోటును సర్టిఫికెట్ల బేరగాళ్లు సొమ్ము చేసుకున్నారు. కాలేజీకి ఫైల్లో కాగితం కావాలి, విద్యార్థికి క్రెడిట్లు కావాలి. ఇద్దరి పనీ గడిచిపోతోంది.

గడవనిది ఇంటర్వ్యూలోనే. రెజ్యూమెలో ‘మెషిన్ లెర్నింగ్ ఇంటర్న్’ అని ఉంటుంది, దాని కింద టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతుకుతారో అంచనా వేసే ప్రాజెక్టు. ఆ రంగంలో కొత్తగా అడుగుపెట్టే వాళ్లంతా చేసే అభ్యాసమే అది. శిక్షణకిచ్చే పట్టికలో 891 మంది ప్రయాణికులుంటే 177 మంది వయసు గడి ఖాళీగా ఉంటుంది. ‘ఆ ఖాళీలను ఏం చేశారు?’ అని అడిగితే, పని చేసినవాళ్లు మధ్యస్థ విలువ పెట్టామనో, ఆ వరుసలు తీసేశామనో, ఎందుకలా చేశారో కూడా చెబుతారు. కొనుక్కున్నవాళ్లకు ఖాళీలున్న సంగతే తెలియదు.

డబ్బు పెట్టకుండా పని దొరికే చోట్లు లేకపోలేదు. కోడింగ్ వచ్చినవాళ్లకు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులున్నాయి. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో విద్యార్థులే ఉండాలన్న నియమాన్ని 2022లో ఎత్తేశారు. 18 ఏళ్లు నిండిన కొత్తవాళ్లు ఎవరైనా దరఖాస్తు చేయొచ్చు, స్టయిపెండ్ కూడా ఉంటుంది. కిటుకల్లా ముందే మొదలుపెట్టడంలో ఉంది. దరఖాస్తుల గడువు వచ్చేనాటికి ఆ ప్రాజెక్టులో నాలుగు చిన్న బగ్‌లు సరిచేసి, నిర్వాహకులకు పేరు పరిచయమైన విద్యార్థికి మొగ్గు ఉంటుంది. ఎంపిక కాకపోయినా నష్టం లేదు. ఆ సవరణలు పేరు, తేదీలతో సహా అక్కడే ఉంటాయి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు తెరిచి చూసుకోవచ్చు.

మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు అమీర్‌పేట కోర్సులకు పరుగెత్తే ముందు బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వైపు ఓసారి వెళ్లి రావాలి. అక్కడి చిన్న యూనిట్లలో చాలావరకు పేపర్లో ప్రకటనలు వేయవు, పోర్టళ్లలో కనిపించవు. ఒక పేజీ రెజ్యూమెతో యజమానినే కలిసి నెల రోజులు పని నేర్చుకుంటానని అడగడమే దారి. పదిమంది కాదనవచ్చు. ఒప్పుకున్న పదకొండో చోట డ్రాయింగ్‌లో రాసిన కొలతకూ, సీఎన్‌సీ మెషీన్ మీద వచ్చిన కొలతకూ తేడా ఎందుకొస్తుందో కళ్లారా చూడొచ్చు.

డిగ్రీ చేతికొచ్చాక ఇంకో దారి ఉంది. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులూ దాని పరిధిలోకి వచ్చారు. 30 మందీ ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందేనని 2019 నిబంధనలు చెబుతున్నాయి. పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలివ్వాలని నిర్ణయించిందీ అప్పుడే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఏడాది శిక్షణకు ఇలాగే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటూ వస్తోంది. గది అద్దె, మెస్ బిల్లు కట్టాక ఆ డబ్బులో మిగిలేది తక్కువే, పర్మినెంట్ ఉద్యోగానికి హామీ కూడా ఉండదు. అయినా ఏడాదిపాటు నిజమైన ఫ్యాక్టరీలో పనిచేసిన అనుభవాన్ని ఏ కన్సల్టెన్సీ అమ్మగలదు?

అమ్ముతామనేవాళ్లకు మాత్రం కొదవ లేదు. బ్యాక్‌డోర్ ఉద్యోగమని లక్షలు గుంజి బోర్డు తిప్పేసిన సంస్థల మీద మాదాపూర్‌లో కేసులు నమోదవుతూనే ఉన్నాయి. దొంగ అనుభవ పత్రాలతో లోపలికి వెళ్లినా నిలుస్తారన్న నమ్మకం లేదు. అలాంటి పత్రాలు చూపిన సిబ్బందిని భారత్‌లో తొలగించినట్లు యాక్సెంచర్ 2022లో ప్రకటించింది.

తప్పంతా విద్యార్థుల మీద నెట్టేస్తే సరిపోదు. వైవాలో సర్టిఫికెట్ తిరగేసి మార్కులు వేసే పద్ధతి మారాలి. రోజువారీ పని డైరీ చూపమని, పని నేర్పిన ఇంజినీరు ఫోన్ నంబరు ఇవ్వమని అడిగితే నకిలీ బేరాలు చాలావరకు పడిపోతాయి. ప్లేస్‌మెంట్ బ్రోచర్లలో గరిష్ఠ ప్యాకేజీని పెద్దక్షరాల్లో వేసుకునే కాలేజీలు, స్టయిపెండ్‌తో ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు ఎంతమందో, ఏ సంస్థల్లో చేశారో కూడా అదే పేజీలో అచ్చు వేయాలి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే తల్లిదండ్రులు ముందుగా అడగాల్సిన లెక్క కూడా ఇదే.