దాచిన మార్పే దొంగ మార్పు

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. జర్మనీలో కార్ల విషయంలో ఈ సామెత తిరగబడి చాలాకాలమైంది. నలభయ్యేళ్ళ నాటి బెంజి ఒకటి వీధిలో ఆగితే పక్కనున్న సరికొత్త కారు వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. అయితే ఆ కార్ల అందచందాలను వర్ణించడానికి నేనీ వ్యాసం మొదలుపెట్టలేదు. వాటిని సొంత చేతులతో విప్పుకొని, బాగుచేసుకొని, అవసరాన్నిబట్టి మార్చుకునే మా వంటి అభిరుచిపరుల మీద వస్తున్న నిందలను పరిశీలించడం నా ఉద్దేశం. ఆ నిందల్లో కొన్ని అన్యాయమైనవి. ఒకటి మాత్రం మా చేతులారా మేము కొనితెచ్చుకున్నది. దాని గురించి మాలో ఎవరూ గట్టిగా మాట్లాడరు కనుక నేను మాట్లాడదలిచాను.

ఉద్యోగరీత్యా నేను స్టుట్‌గార్ట్ పరిసరాల్లో ఉంటున్నాను. 1980లో తయారైన మెర్సిడెస్ 240డి ఒకటి నా దగ్గర ఉంది. కర్మాగారం పరిభాషలో దాని శ్రేణి పేరు డబ్ల్యూ 123. 1976లో అమ్మకానికి వచ్చిన ఈ శ్రేణి 1986లో నిలిచిపోయేలోగా దాదాపు 27 లక్షల కార్లు తయారయ్యాయి. నాది నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను, 72 అశ్వశక్తి. కొండ ఎక్కేటప్పుడు వెనక వచ్చే లారీవాడికి కూడా నా మీద జాలి కలుగుతుంది. "లక్షణంగా ఉద్యోగం చేసుకుంటూ ఈ పాత ఇనుముతో సావాసమేమిటోయ్ బావా?" అని మావాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఇది మొదటి నింద. దీనికి సమాధానం ఆ బండి బానెట్ కిందనే ఉంది.

ఆ కారులో ఇంజనును ఆపేది విద్యుత్తు కాదు, గాలిలేమి. ఇంజనుకు అమర్చిన చిన్న పంపు ఒకటి గాలిని లాగేసి శూన్యాన్ని కల్పిస్తూ ఉంటుంది. తాళంచెవి తిప్పగానే ఆ శూన్యం ఒక సన్నని గొట్టం గుండా పనిచేసి, డీజిలు సరఫరాను మూసేస్తుంది. నాలుగు తలుపుల తాళాలు ఒక్కసారిగా పడేదీ ఈ శూన్యంతోనే. అందుచేత వెనక తలుపులో ఎక్కడో ఒక రబ్బరు తిత్తి చిరిగిందనుకోండి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నా ఇంజను ఆగదు! అప్పుడు బానెట్ ఎత్తి, 'స్టాప్' అని రాసి ఉన్న మీటను చేత్తో నొక్కి ఆపాలి. నవ్వు రావచ్చు. కాని ఒక్కసారి ఆ గొట్టం వెంట వేలు పెట్టుకుంటూ వెళ్ళి చిరుగును పట్టుకున్నవాడికి ఆ యంత్రం ఇక పరాయిది కాదు. వాల్వుల సందు, అంటే మన షెడ్లలో టాపెట్లు అనేది, సరిచూడడానికి రెండు పానాలూ ఒక ఫీలర్ గేజీ చాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు గాలి తీసుకునే వాల్వుకు 0.10 మిల్లీమీటరు, పొగ వదిలేదానికి అంతకన్నా ఎక్కువ. గంటకింత అని అద్దె కట్టి లిఫ్టు వాడుకోగలిగే షెడ్లు ఇక్కడ ఉన్నాయి. ఒక ఆదివారం పూట అక్కడ గడిపితే పని పూర్తవుతుంది. కారణానికీ కార్యానికీ నడుమ తెరలేని వస్తువులు మన జీవితంలో ఎన్ని మిగిలాయి? నా వ్యసనానికి ఇంతకు మించిన సమర్థన నాకు అక్కరలేదు.

ఇక రెండో నింద సాటి అభిరుచిపరుల నుంచే వస్తుంది. వీరు మడి కట్టుకున్నవారు. కర్మాగారం నుంచి వచ్చిన నట్టును కూడా మార్చరాదనీ, మార్చినవాడు చరిత్రకు ద్రోహం చేసినట్టేననీ వీరి సిద్ధాంతం. ఈ వాదనకు ఇదే కంపెనీ కార్లు జవాబు చెబుతాయి. డబ్ల్యూ 123 తరవాత వచ్చిన డబ్ల్యూ 124 శ్రేణిలో, 1990ల తొలి సంవత్సరాల్లో తయారైన కొన్ని పెట్రోలు కార్లకు ఇంజను వైర్ల తొడుగు వేడికి పెళుసై, కాలక్రమాన పొడిపొడిగా రాలిపోయింది. అసలుదే అసలైనది అనేవారు ఆ రాలిపోయే తొడుగునే మళ్ళీ వెతికి తెచ్చి బిగిస్తారా? మెరుగైన వైరు వేయడం ద్రోహమవుతుందా? నా కారుకు వచ్చినవి నాలుగు గేర్లు. హైవే మీద ఇంజను పడే అవస్థ చూడలేక, అదే శ్రేణిలోని తరవాతి కార్లలో ఇచ్చిన అయిదు గేర్ల పెట్టెను అమర్చాను. బాడీ డొల్లల్లో తుప్పు పట్టకుండా మైనం కొట్టించాను. పరీక్షాధికారికి చూపించాను, వివరం కాగితాల్లోకి ఎక్కింది. యంత్రాన్ని అద్దాల బీరువాలో పెట్టి పూజించడం ఒక మార్గం. దాన్ని వాడుకుంటూ, వాడుకకు తగినట్టు దిద్దుకుంటూ బతికించడం మరొకటి. రెండో మార్గాన నడిచేవాడికి మొదటివాడు పాపం అంటగట్టడం అన్యాయం.

ఈ విషయంలో జర్మనీ చట్టం మడికట్టుకున్నవారి కన్నా ఎంతో వివేకంగా ఉంది. మార్పు చేయవద్దని అది అనదు. చేసినది చూపించమంటుంది. బిగించిన భాగానికి ముందే సాధారణ అనుమతి ఉంటే ఆ పత్రం దగ్గర ఉంచుకుంటే సరిపోతుంది. లేనిపక్షంలో అర్హుడైన పరీక్షకుడు చూసి, ఆమోదించి, కారు పత్రాల్లో నమోదుకు వీలు కల్పిస్తాడు. ప్రమాదం తెచ్చే మార్పు, పొగనూ రొదనూ పెంచే మార్పు చేస్తే బండికి రోడ్డెక్కే అనుమతే రద్దవుతుంది. ప్రతి కారూ రెండేళ్ళకోసారి పరీక్షకు నిలబడాలి. ముప్ఫయ్యేళ్ళు దాటి, చాలావరకు అసలు రూపంలో మంచి స్థితిలో ఉన్న కారుకు 1997 నుంచి 'హెచ్' అక్షరంతో ముగిసే నంబరు పలక ఇస్తున్నారు. ఆ కారు కాలానికి చెందిన మార్పులు ఉన్నా దానికి అడ్డురావు. వయసు చూసి ఉరి తీయరు, మార్పు చూసి వెలివేయరు. వస్తువు ఎలా ఉందో చూస్తారు.

ఇంత ఉదారమైన ఏర్పాటును మాలో కొందరు ఏం చేస్తున్నారో ఇప్పుడు చెప్పాలి. స్ప్రింగులను గ్రైండరుతో కోసి కారును నేలబారుగా దించుతారు. సైలెన్సరు లోపలి భాగాన్ని తోడేసి, అర్ధరాత్రి వాడవాడంతా నిద్రలేచేట్టు తిరుగుతారు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరును పీకేస్తారు. రెండేళ్ళ పరీక్ష వచ్చేనాటికి అటకమీద దాచిన అసలు సైలెన్సరును దించి బిగించి, మర్నాడు మళ్ళీ విప్పేస్తారు. అమ్మేటప్పుడు తుప్పు మీద పుట్టీ నింపి, రంగు పూసి, 'ఆణిముత్యం' అని ప్రకటిస్తారు. మీటరు వెనక్కి తిప్పడం 2005 నుంచి ఇక్కడ శిక్షార్హమైన నేరమని ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చిందంటే, ఆ విద్య ఎంత ప్రబలిందో ఊహించుకోవచ్చు. ఇవన్నీ చేస్తూ 'మా స్వేచ్ఛ' అంటారు. స్వేచ్ఛ అయితే పరీక్ష రోజున అటక ఎక్కడం ఎందుకు?

ఈ అటక సైలెన్సరుకు ఒక పెద్దన్న ఉన్నాడు. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్ గుట్టు రట్టు చేసింది. ఆ కంపెనీ డీజిలు కార్లలోని సాఫ్ట్‌వేరు, తనను పరీక్షిస్తున్నారని పసిగట్టినప్పుడు మాత్రం పొగను శుద్ధిగా వదిలేది. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడులు అనుమతించిన హద్దుకు 40 రెట్ల దాకా చేరేవి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల కార్లలో ఆ సాఫ్ట్‌వేరు ఉందని కంపెనీయే ఒప్పుకుంది. కంచే చేను మేయడమంటే ఇదే. అంతకాలమూ పాత కార్లవాళ్ళం గాలిని పాడుచేస్తున్నామని తిట్లు తిన్నాం. మా వీధి చివర పరీక్ష రోజున సైలెన్సరు మార్చే కుర్రవాడికీ, కోటి కార్లలో ఆ మోసాన్ని కూర్చిన ఇంజనీర్లకూ పరిమాణంలో తప్ప స్వభావంలో భేదం నాకు కనపడలేదు. ఇద్దరూ పరీక్షకుడికి ఒక కారు చూపించి మనచేత మరో కారు పొగ పీల్పించారు.

దాపరికం ఇప్పుడు మరో వేషం కట్టింది. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో, కారులో అప్పటికే అమర్చి ఉన్న సీటు వేడిచేసే సదుపాయానికి నెలవారీ చందా వసూలు చేయబూనింది. జనం ఛీకొట్టాక 2023లో ఆ ఆలోచన విరమించుకుంది. అదే 2022లో మెర్సిడెస్ తన విద్యుత్తు కార్లకు అదనపు వేగం కోసం అమెరికాలో ఏడాదికి 1,200 డాలర్ల చందా ప్రకటించింది. మోటారు మనది, తీగ మనది, దానికి వేసిన తాళం మాత్రం వాళ్ళది! కొన్న వస్తువును విప్పి చూసుకోలేనివాణ్ణి యజమాని అనడం మర్యాద కోసమే. పాత కారును మేము విప్పుకోవడంలో ఏదైనా పౌరధర్మం ఉంటే, అది ఈ తాళాలకు ఎదురు నిలవడంలోనే ఉంది. అటక మీద సైలెన్సరు దాచుకున్నవాడు ఈ పోరాటంలో నోరెత్తితే ఎవరు వింటారు?

మూడో నింద పొగ గురించి. ఇది న్యాయమైన నింద. 1980 నాటి డీజిలు ఇంజను కిలోమీటరుకు వదిలే మసి నేటి ఇంజనుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 'కొత్త కారు తయారీలో మాత్రం కాలుష్యం లేదా?' అని మావాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తారు. ఉంది. కాని ఆ లెక్క మసి పీల్చే పసివాడికి ఊరట కాదు. 'హెచ్' పలక ఉన్న కారుకు ఏడాదికి పన్ను 191.73 యూరోలు. అది లేకుంటే నా కారుకు 900 యూరోల దరిదాపుల్లో కట్టాలి. పైగా నగరాల్లోని కాలుష్య నియంత్రణ మండలాల్లోకి ఆ పలక ఉన్న కార్లను స్టిక్కరు లేకుండానే రానిస్తున్నారు. ఇది హక్కు కాదు, సమాజం మా అభిరుచికి చేసిన మన్నన. ఆ మన్ననను అడ్డుపెట్టుకొని రోజూ ఆఫీసుకు అదే డీజిలు కారులో వెళ్ళేవారిని నేను సమర్థించలేను. 'హెచ్' కార్లకు ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ప్రభుత్వం హద్దు పెడితే, మా సంఘాలన్నీ వద్దన్నా నేను సంతకం పెడతాను.

జర్మనీ ముచ్చట మనకెందుకు అనే మిత్రులకు ఒక మాట. 1995లో పుణెలో మెర్సిడెస్ కంపెనీ మన దేశంలో కూర్చడం మొదలుపెట్టిన తొలి కారు, పైన చెప్పిన డబ్ల్యూ 124. అది నేడు ముప్ఫయ్యేళ్ళ పాత కారు. జర్మనీలో ఉంటే 'హెచ్' పలకకు పరీక్ష రాయగల వయసు. మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం 'వింటేజ్' అనిపించుకోవాలంటే 50 ఏళ్ళు నిండాలి. అంటే 2045 దాకా ఆగాలి. ఆగినా, మౌలికమైన మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉండాలి. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని తీర్పు చెప్పింది. గ్యాస్ కిట్టు వంటి కొన్ని మినహాయింపులు తప్ప తలుపు మూసుకుంది. దిల్లీ పరిసరాల్లో 10 ఏళ్ళు దాటిన డీజిలు బళ్ళు, 15 ఏళ్ళు దాటిన పెట్రోలు బళ్ళు తిరగరాదన్న ఆదేశాన్ని అదే కోర్టు 2018లో సమర్థించింది. 2025లో ఆ పట్టు కొంత సడలింది కాని, వాహనాన్ని వయసుతో తూచే అలవాటు పోలేదు.

ఈ ఏర్పాటును నేను ఖండిస్తున్నాను. పొగ కొలవడానికి యంత్రముంది, బ్రేకు పరీక్షించడానికి యంత్రముంది. వాటిని పక్కనపెట్టి పుట్టిన తేదీ చూసి తీర్పు చెప్పడం సోమరితనం. మంచి మార్పునూ చెడ్డ మార్పునూ ఒకే గాటకట్టి నిషేధిస్తే మంచివాడు మానుకుంటాడు, చెడ్డవాడు దాస్తాడు. నిషేధం వల్ల మార్పులు ఆగవు, నమోదు ఒక్కటే ఆగుతుంది. పరీక్షకుడు చూసి, సంతకం చేసి, రిజిస్ట్రేషను పత్రంలో రాసే పద్ధతి మన దగ్గరా రావాలి. అది రావాలంటే ఆ సంతకం అమ్ముడుపోనిదై ఉండాలన్న సంగతి నాకూ తెలుసు. అంతమాత్రాన పద్ధతే వద్దనడం, ఇంట్లో ఎలుకలున్నాయని వంట మానేయడం వంటిది.

ఇక సాటి అభిరుచిపరులకు నా విన్నపం. చేసిన ప్రతి పనికీ బిల్లు దాచండి, ఫొటో తీయండి, తేదీ వేయండి. మీ కారును కొనడానికి వచ్చినవాణ్ణి కింద పడుకోబెట్టి తుప్పెక్కడుందో మీరే చూపించండి. ధర తగ్గుతుంది, తగ్గనివ్వండి. పరీక్షకుడి ముందు ఏ రూపంలో నిలబెట్టారో అదే రూపంలో ఇంటికి తోలుకురండి. ఇలా చేయలేని మార్పు ఏదైనా మీ బండిలో ఉంటే ఈ వారమే విప్పేయండి. మన తలుపులు మూయించడానికి చట్టాలు చేసేవారికి మనం అందిస్తున్న తొలి సాక్ష్యం అదే.

నాతో విభేదించేవారు ఉంటారని తెలుసు, ముఖ్యంగా కిలోమీటర్ల హద్దు విషయంలో. వారి వాదన వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఒక్కటే షరతు, బానెట్ ఎత్తి మాట్లాడుకుందాం.