మిగిలిన సున్నం

మృతుల స్మరణ దినమైన నవంబరు 2 దగ్గరపడుతుంటే మా చర్చి విచారణలో ముందు కదిలేవి పలుగూ పారా. సమాధుల మీది గడ్డి చెక్కి, సున్నం కొట్టి, చెరిగిన పేర్లను నల్లరంగుతో మళ్లీ దిద్దుతారు. సాయంత్రానికి బంతిపూలు, కొవ్వొత్తులు. ఫాదర్‌గారు తీర్థజలం చల్లుతూ వరసలు దాటుతుంటే పిల్లలు కారిన మైనాన్ని ఉండలు చుడుతుంటారు. ఆ ఒక్కరోజు ఎవరూ కసరరు.

సుమారు వెయ్యేళ్ల కిందట ఫ్రాన్సులో క్లూనీ మఠాధిపతి అయిన ఒడిలో అనే ఆయన తన మఠాల్లో పెట్టిన స్మరణ దినమిది. 1915లో, ప్రపంచయుద్ధం నడుమ, పదిహేనవ బెనెడిక్ట్ పోపు ఆ రోజు ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చన్నారు. ఒకటి అడిగినవాళ్ల కోసం, ఒకటి పోపుగారి ఉద్దేశాల కోసం, ఇంకొకటి మృతవిశ్వాసులందరి కోసం.

నాకు ఆ చివరిదే ఇష్టం. మా అమ్మ సమాధి పక్కన పేరు లేనిదొకటుంది. మిగిలిన సున్నం దానికే.