సోమశిల మాల్దీవులు కాదు, కానక్కర్లేదు

లాంగ్ వీకెండ్ వస్తోందంటే మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఒకే చర్చ. బీచా, కొండలా, లేకపోతే ఏదైనా ప్రశాంతమైన చిన్న ఊరా? బీచ్ అంటే గోవా లేదా గోకర్ణ. కొండలంటే కూర్గ్ లేదా అరకు. చిన్న ఊరంటే హంపి. వాట్సాప్ గ్రూపులో పోల్ పెడతారు, పన్నెండు మంది ఓటేస్తారు, ఏడుగురు "నేను పక్కా" అంటారు, బయల్దేరే రోజుకి నలుగురు మిగుల్తారు. ఆ నలుగురూ గోవా వెళ్ళి, అక్కడ ముందే ఉన్న మన హైదరాబాదు ఐటీ జనాల్ని చూసి తిరిగొస్తారు :)

ఈ మధ్య ఈ పోల్‌లో కొత్త పేరొకటి చేరింది. "మినీ మాల్దీవ్స్, హైదరాబాదుకి నాలుగు గంటలే" అని రీల్స్ తిరుగుతున్నాయి కదా, అదే. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల. మాది వనపర్తి వైపు. మా ఊళ్ళ పక్కకి నలుగురు టూరిస్టులు వస్తున్నారంటే నాకు సంతోషమే. కానీ ఆ "మినీ మాల్దీవ్స్" అనే మాటతోనే నా పేచీ అంతా.

పేరులో ఏముంది అనకండి. ఎక్కడికి వెళ్తున్నామని అనుకుంటామో, అక్కడికెళ్ళాక అలాగే ప్రవర్తిస్తాం. గుడికి వెళ్తున్నామనుకుంటే చెప్పులు బయట విడుస్తాం. మాల్దీవులకి వెళ్తున్నామనుకుంటే బీరు సీసాలతో నీళ్ళలోకి దిగుతాం.

ముందు బీచ్ సంగతి

సోమశిలలో మీరు చూసేది సముద్రమూ కాదు, చెరువూ కాదు. అది శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన కృష్ణమ్మ. 1981లో ప్రాజెక్టు నింపడం కోసం దాదాపు వంద ఊళ్ళు ఖాళీ చేయించారు. లక్ష మందికి పైగా కదిలిపోయారు. కదలని వాళ్ళ ఇళ్ళు కూలగొట్టించారు, ఆ కార్యక్రమానికి "ఆపరేషన్ డిమాలిషన్" అని ఇంగ్లీషులో పేరు కూడా పెట్టారు. ఆ వందలో మా అమ్మమ్మ పుట్టిన ఊరొకటి.

ఇందులో నన్ను బాగా తొలిచే విషయం ఒకటుంది. ఆ నీళ్ళ కింద పడబోయే పాత గుళ్ళని పురావస్తు శాఖ వాళ్ళు రాయి రాయి విప్పి, మళ్ళీ ఎత్తైన చోట పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురం చేరింది. సోమశిల గుళ్ళూ, జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ అలాగే పైకొచ్చాయి. మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ దేవుడి ఇంటిని రాళ్ళు చెదరకుండా మార్చడం తెలిసిన సర్కారుకి మనుషుల ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి అంత ఓపిక లేకపోయింది. ముంపు కుటుంబానికొక ఉద్యోగం అని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. "98 జీవో బాధితులు" అంటే మా వైపు ఒక కులం పేరులా స్థిరపడిపోయింది. దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు, కొందరు తిరుగుతూనే పోయారు.

సోమశిలకి రీల్స్ చూసి బస్సులేసుకుని జనం వస్తున్నారని చెబితే మా అమ్మమ్మ ఒకటే అడిగింది, "నీళ్ళు సూడనీకి పైసలు పెట్టి వస్తుండ్రా బిడ్డా?" వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

అందుకని సోమశిల వెళ్ళొద్దంటున్నానా? లేదు. సాయంత్రం పూట అక్కడ నీళ్ళ మీద ఎండ దిగిపోవడం చూడాల్సిందే. ఎండాకాలం నీళ్ళు తగ్గితే అవతలి ఒడ్డున సప్తనదీ సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు అది నీళ్ళలోనే ఉంటుంది. అలాంటిది మాల్దీవుల్లో ఎక్కడుంది? కానీ ఇది బీచ్ కాదన్న సంగతి ప్రాణం మీదకొచ్చే సంగతి కూడా. బీచ్‌లో ఇసక మెల్లగా వాలుతుంది. రిజర్వాయరు ఒడ్డు అలా ఉండదు. రెండడుగుల లోతు అనుకున్న చోట, పాత రోజుల గట్టో బావో ఉండొచ్చు, కింద ఒండ్రు బురద ఉంటుంది. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. వాళ్ళు టూరిస్టులు కారు, పనుల మీద నది దాటుతున్న మామూలు జనం. ఆ తర్వాత వంతెన కోసం ఏళ్ళ తరబడి అడగ్గా, 2022లో కేంద్రం సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకి ఒప్పుకుంది. అప్పుడు పేపర్లలో హెడ్డింగు ఏమిటో గుర్తుందా? గాజు నడకదారి వస్తోంది, టూరిజం పెరుగుతుంది అని! ఇటు వాళ్ళు అటు పెళ్ళికి, ఆసుపత్రికి వెళ్ళడానికి అడిగిన వంతెన అది.

కొండలు

ఇక నల్లమల. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. ఫరహాబాద్ వ్యూ పాయింటు, మల్లెలతీర్థం, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం. హైదరాబాదు నుంచి మన్ననూరు సుమారు నూట నలభై కిలోమీటర్లు. కూర్గ్‌కి పోయి వచ్చే టోలు డబ్బుల్తో ఇది మొత్తం తిరిగి రావొచ్చు.

2019లో యురేనియం తవ్వకాల గొడవప్పుడు మన వాళ్ళంతా "సేవ్ నల్లమల" అని ప్రొఫైల్ ఫోటోలు మార్చుకున్నారు. ఆ సెప్టెంబర్లో శాసనసభ కూడా తవ్వకాలొద్దని తీర్మానం చేసింది. బానే ఉంది. ఆ ఫోటోలు మార్చిన వాళ్ళలో ఎంతమంది తర్వాత అదే అడవి రోడ్డు మీద కారాపి, కోతులకి చిప్స్ వేసి, ఆ ప్యాకెట్ అక్కడే పడేసి ఉంటారు? లెక్క నా దగ్గర లేదు గానీ రోడ్డు పక్కన ప్యాకెట్లు చూస్తే అంచనా వేయొచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఆ అడవిలో పులుల కంటే ముందు నుంచీ లెక్కలోకి రావాల్సిన వాళ్ళు చెంచులు. పులుల కోసం కోర్ ఏరియాలో పెంటలూ ఊళ్ళూ ఖాళీ చేసి బయటికి రమ్మంటున్నారు. కుటుంబానికి పదిహేను లక్షలు పరిహారం అంటారు. ఇష్టపడి వస్తేనే అని చట్టం చెబుతుంది, కొందరు ఒప్పుకున్నారు, కొందరు రామంటున్నారు. మనిషి ఉంటే పులికి ఇబ్బంది అనే వాదన నాకర్థమవుతుంది. కానీ తేనె తీసుకునే చెంచు ఉంటే ఇబ్బంది, మన సఫారీ జీపు తిరిగితే ఇబ్బంది లేదు అనే లాజిక్ నా బుర్రకి ఎక్కదు. ఇది కోడ్ రివ్యూకి వస్తే రిజెక్ట్ చేస్తాను.

నల్లమల వెళ్ళే వాళ్ళకి రెండు ముక్కలు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. అది మన మీద కక్ష కాదు, రోడ్డు దాటే జంతువులకి మిగిలిన టైమ్ అదే. రెండోది, మల్లెలతీర్థం ఎండాకాలం వెళ్తే ధార సన్నబడిపోయి ఉంటుంది. వానలు పడ్డాక వెళ్ళండి, ఏప్రిల్లో వెళ్ళి "వరస్ట్, నథింగ్ టు సీ" అని ఒక్క స్టార్ రేటింగ్ ఇవ్వకండి. జలపాతానికి మనలాగా ఎస్‌ఎల్‌ఏలు ఉండవు.

చిన్న ఊళ్ళు

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. గద్వాల, వనపర్తి పేర్లు టూర్ ప్యాకేజీల్లో కనపడవు గానీ, వందేళ్ళ కింద మన కవులకి ఇవే ఆన్‌సైట్! తిరుపతి వెంకట కవులంతటి వాళ్ళు కోస్తా నుంచి ఇక్కడికొచ్చి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేసి సన్మానాలు అందుకుని వెళ్ళారు. "విద్వద్గద్వాల" అని పేరు ఊరికే రాలేదు. మన లాగే వాళ్ళకీ ఎక్కడ రేటు బాగుంటే అక్కడికి ప్రయాణం :)

గద్వాల కోట చూడ్డానికి వెళ్తే టికెట్టు కౌంటరూ, గైడూ ఉంటారనుకోకండి. కోట లోపలే కాలేజీ ఉంది, చెన్నకేశవ స్వామి గుడి ఉంది, చుట్టూ బజారుంది. ఊరు ఆ కోటని వాడుకుంటూనే ఉంది. కృష్ణా తుంగభద్రల మధ్య ఉంది కాబట్టి ఈ నేలని నడిగడ్డ అంటారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులు కట్టినవి, పదమూడు వందల ఏళ్ళ నాటివి. పట్టదకల్ దాకా వెళ్ళొచ్చి ఫోటోలు పెట్టే మిత్రులు హైవే మీద బెంగళూరు వెళ్తూ దీని పక్క నుంచే నూట ఇరవై స్పీడులో పోతుంటారు.

వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజస్థాన్‌లో అయితే హెరిటేజ్ హోటలయ్యేది, రాత్రికి ముప్పై వేలు. ఇక్కడ డిప్లొమా పిల్లలు చదువుకుంటున్నారు. నాకైతే ఇదే గొప్పగా అనిపిస్తుంది. దగ్గర్లోనే శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడి, పక్కనే పెద్ద చెరువు. 2024 సెప్టెంబర్లో సిద్ధార్థ్, అదితీరావు హైదరీ అక్కడే పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ అమ్మమ్మ వాళ్ళ వైపు వనపర్తి సంస్థానం మరి. డెస్టినేషన్ వెడ్డింగ్ అంటే ఉదయ్‌పూరే అనుకునే కాలంలో వాళ్ళు సొంతూరి గుడిని ఎంచుకోవడం నచ్చింది.

గద్వాల వెళ్ళిన వాళ్ళు చీర కొనకుండా రారు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండిటినీ మగ్గం మీదే పోగు పోగు కలుపుతారు. దానికి ఎంత టైమ్ పడుతుందో ఒక్కసారి మగ్గం పక్కన కూర్చుని చూస్తే, ఇంక బేరమాడబుద్ధి కాదు. తుంగభద్ర ఒడ్డున రాజోలి అని ఇంకో నేత ఊరుంది. 2009 అక్టోబరు వరదకి ఇళ్ళూ మగ్గాలూ కొట్టుకుపోయి, మళ్ళీ లేచిన ఊరు. రీల్స్‌లో రాదు.

"అక్కడ సరైన బాత్రూమ్ ఉందా?"

ఈ మాట అనేవాళ్ళని ఎక్కిరించను. మా టీమ్‌లో ఒకావిడ అంది, "మీ మగాళ్ళకేం, చెట్టు చాలు. నేను పిల్లతో ఎలా రాను?" నూటికి నూరుపాళ్ళు నిజం. 2015-16లో స్వదేశ్ దర్శన్ కింద సోమశిల, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అన్నీ కలిపి ఎకో టూరిజం సర్క్యూట్ అని కోట్లు మంజూరు చేశారు. కాటేజీలు కట్టగానే పని అయిపోదు. నీళ్ళొచ్చే మరుగుదొడ్డి, రాత్రికి ఒక లైటు, ఒడ్డున లైఫ్ జాకెట్లు, లోతు చెప్పే బోర్డు, వీటిని రోజూ చూసుకునే మనిషి కావాలి. గాజు వంతెన కన్నా ముందు మనం అడగాల్సింది ఇదీ.

ఇంకో వాదన మా బాబాయి కొడుకు వినిపిస్తాడు. "నువ్వు హైదరాబాదులో ఏసీలో కూర్చుని రిసార్టులొద్దంటావు. రిసార్టొస్తే నాకిక్కడే పని దొరుకుద్ది కదన్నా!" దీనికి జవాబు చెప్పకుండా తప్పించుకుంటే నా వాదనకి విలువ లేదు. "పాలమూరు లేబర్" అని పేరు పడేంతగా వలసపోయిన నేల ఇది. దేశంలో ఎవరి డ్యామ్ అయినా మా వాళ్ళే మట్టి మోశారు, బొంబాయి బస్సులెక్కారు. వాళ్ళకి వెకేషన్ అంటే దసరాకో పీర్ల పండక్కో సొంతూరు రావడమే. కాబట్టి పని రావాలి, టూరిస్టులూ రావాలి. నేనడిగేది ఒక్కటే. ఆ రిసార్టులో మావాడు గేటు దగ్గర సెల్యూట్ కొట్టే ఉద్యోగం చేస్తాడా, లేక పడవా, హోటలూ, రూములూ వాడి పేరు మీదే ఉంటాయా? నిజంగా ఎకో టూరిజమే అయితే సోమశిల ఒడ్డున మొదటి లైసెన్సులు ముంపు కుటుంబాలకీ, మన్ననూరులో మొదటి గైడు పనులు చెంచులకీ రావాలి. 98 జీవో బాకీ ఇలాగైనా కొంత తీరుతుంది.

సర్కారు సంగతి సరే, మన చేతిలో ఏముంది అంటారా? చాలానే ఉంది. ఈసారి పోల్ పెట్టేటప్పుడు "బీచా, కొండలా" అని కాకుండా ఇంకో మూడు ప్రశ్నలు కలపండి. మనం పెట్టే డబ్బు ఆ ఊళ్ళో ఎవరి చేతికి వెళ్తుంది? మనం వచ్చాక ఆ ఊరి వాళ్ళకి నీళ్ళకీ నిద్రకీ ఇబ్బంది ఉంటుందా? అక్కడ ఉన్నది ఉన్నట్టుగా చూడ్డానికి మనకి ఓపికుందా? మూడో దానికి లేదని జవాబొస్తే నిక్షేపంగా గోవా వెళ్ళండి, తప్పేం లేదు, గోవా దానికి అలవాటు పడిపోయింది.

ఉందనుకుంటే కాచిగూడలో రైలెక్కి గద్వాలలో దిగండి. వనపర్తి రోడ్ స్టేషన్లో మాత్రం దిగకండి, పేరే గానీ ఊరు అక్కడికి చాలా దూరం! జూరాల డ్యామ్ దగ్గర చేపలు తినండి, కోట చూడండి, రెండో రోజు శ్రీరంగాపురం మీదుగా సోమశిల చేరండి. అక్కడ పడవ నడిపే ముసలాయన్ని "పెద్దాయనా, మీ పాత ఊరెక్కడ?" అని అడిగి చూడండి. నీళ్ళ మీదే ఒక చోటికి వేలు చూపిస్తాడు. ఇంక మీరే రీల్‌కి మాల్దీవులని పేరు పెట్టలేరు.

ఏమంటారు?