మీవాళ్ళెవరన్నా వచ్చారా?

డాక్టర్లు చీటీ రాసిచ్చాక ఇక మాట్లాడరని అందరం ఫిర్యాదు చేస్తాం. నిజానికి మాట్లాడుతూనే ఉంటారు. వరండాలో, స్కానింగు గది బయట, రాత్రిపూట సెల్‌ఫోనులో మాట్లాడతారు. ఎవరి ఒంటి గురించైతే మాట్లాడుతున్నారో ఆమెతో తప్ప. ‘‘మీవాళ్ళెవరన్నా వచ్చారమ్మా?’’ అని అడిగి, ఆ వచ్చినవాళ్ళతో మాట్లాడతారు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో, ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చుంటే చాలు, ఈ ప్రశ్న చెవినపడుతుంది. మర్యాదగానే అడుగుతారు. ఆ మర్యాద మీదే నా అభ్యంతరం.

ఈ ప్రాంతంలో డాక్టరు గది బయట జరిగే మాటలకి ఎందుకింత విలువో ముందు చూడాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి అందులో సగం పైచిలుకు. సీతారాంపురం, వరికుంటపాడు, మర్రిపాడు మండలాల పల్లెల నుంచి అయితే ముందు బస్సు దొరికే ఊరికి చేరాలి. ఒకసారి పెద్దాసుపత్రికి పోయిరావడమంటే ఆమె కూలి పోయినట్టు, తోడొచ్చిన మనిషి కూలి పోయినట్టు, గేదెల్నీ పిల్లల్నీ ఎవరికో అప్పగించినట్టు. ఇంత చేసి వెళ్తే గదిలో దొరికేది నాలుగైదు నిమిషాలు. ఆ నిమిషాల్లో రోగి అడగదు, డాక్టరు అడిగిన వాటికి జవాబు చెబుతుంది, అంతే. సందేహాలన్నీ ఇంటికొచ్చాకే వస్తాయి. మాత్ర వేసుకోగానే వాంతయింది, మళ్ళీ వేసుకోవాలా? కుట్ల దగ్గర తడిగా ఉంది, చీమేనా? నీళ్ళ బిందె ఎప్పటినుంచి ఎత్తొచ్చు? మొగుడు పక్కకి రమ్మంటే ఏం చెప్పాలి?

ఈ చివరి ప్రశ్నని మొగుడి ఫోను నుంచి ఎట్లా అడుగుతుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్న స్త్రీలు 48.9 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. అంటే సగంమందికి పైగా స్త్రీల వైద్యం ఇంకొకరి జేబులోని ఫోను మీదుగా నడుస్తోంది. ఓ.పి. చీటీ మీద రాయించే నంబరు భర్తది, లేదంటే కొడుకుది. రక్తపరీక్ష రిపోర్టు వాట్సాప్‌లో అతనికి వస్తుంది. ఏం రాశారో, ఎంతవరకు ఆమెకి చెప్పాలో అతనే తేలుస్తాడు. అతను కువైట్‌లోనో బెంగుళూరులోనో ఉంటే రిపోర్టు ముందు అక్కడికి పోయి, ఆ తర్వాత ఆమె వంటింట్లోకి వస్తుంది. డాక్టరు అడిగేది కూడా అతన్నే: ‘‘మీ ఆవిడకి తగ్గిందా?’’ తగ్గిందో లేదో అతనికెట్లా తెలుస్తుంది?

దీన్ని కుటుంబం పట్ల గౌరవం అనేవాళ్ళు గర్భసంచి ఆపరేషన్లను గుర్తు చేసుకోవాలి. 2015-16 సర్వేలో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళ శాతం దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే: 8.9 శాతం. ఆ నిర్ణయాల్లో ఎన్ని ఆమెకి పూర్తిగా వివరించి తీసుకున్నవి, ఎన్ని వరండాలో ‘మీవాళ్ళతో’ మాట్లాడి తీసుకున్నవి? ఢిల్లీలో ఒక స్త్రీ పరీక్ష కోసం మత్తులో ఉండగా, ఆసుపత్రివాళ్ళు బయటికి వచ్చి ఆమె తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు చెబుతూ, యుక్తవయస్కురాలైన స్త్రీ తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదంది. ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకి మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందేనంది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త ఫోను నంబరు ఎట్లా చెల్లుతుంది? ఇక ఆపరేషను తర్వాత ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి, నడుంనొప్పి. వీటి గురించి అడగడానికి ఆమెకి ఏ నంబరూ ఇవ్వరు.

అప్పుడు ఎవర్ని అడుగుతుంది? ఊళ్ళో ఆర్.ఎం.పి.ని. అతన్ని వెక్కిరించడం మనలాంటి చదువుకున్నవాళ్ళకి తేలిక. కానీ రాత్రి పదిగంటలకి తలుపు తీసేది అతనే. సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నడిపిన నెల్లూరు ప్రజావైద్యశాల ఈ అవసరాన్ని గుర్తించి ఎందరో యువకులకు శిక్షణనిచ్చి పల్లెలకు పంపింది. అది గొప్ప పనే. అయినా పల్లెకి చేరిన వైద్యుడు మళ్ళీ మగవాడే. తెల్లబట్ట గురించి, రొమ్ములో గడ్డ గురించి అతనికి చెప్పలేని ఆడవాళ్ళు చివరికి ఆశా కార్యకర్త దగ్గరికి చేరతారు. ఆమె తన ఫోనులో, తన రీచార్జితో, తన నిద్ర మానుకుని డాక్టరుకీ రోగికీ మధ్య మాట చేరవేస్తుంది. ఈ పనిని ఎవరూ వైద్యం కింద లెక్కగట్టరు. ఆమెకి ఇచ్చేదాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 2007లో 104 సలహా కేంద్రం వచ్చింది. తర్వాత ఈ-సంజీవని వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలుపెడుతూ, పీహెచ్‌సీ డాక్టరు నెలకి రెండుసార్లు ఊరికి వస్తాడన్నారు. అన్నీ మంచివే. కానీ ఫోనులో పలికే డాక్టరు ఆమెకి కుట్లు వేసిన డాక్టరు కాదు. ప్రతిసారీ ఆమె తన కథ మొదటినుంచీ ఒక కొత్త గొంతుకి చెప్పుకోవాలి, అదీ చుట్టూ నలుగురు వింటుండగా. ఆమెకి కావలసింది మొన్న చూసిన డాక్టరుని ఒక్క మాట అడిగే దారి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అదీ స్త్రీల వైపు నుంచే వస్తుంది కనక వినాలి. డాక్టర్లలో ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. నంబరు ఇస్తే అర్ధరాత్రి ఫోన్లు, రోగుల బంధువుల బెదిరింపులు, అసభ్యపు మెసేజీలు. డ్యూటీ దిగి ఇంటికెళ్తే అక్కడ రెండో డ్యూటీ. ఆమె విశ్రాంతిని లాక్కుని రోగికి పెట్టమనడం స్త్రీవాదమెట్లా అవుతుంది? కాదు. అందుకే నేను డాక్టరు సొంత నంబరు అడగడం లేదు. మంచి డాక్టరమ్మ దయతలిచి ఇచ్చే నంబరు ఆమె బదిలీతో పోతుంది. అడుగుతున్నది ఆసుపత్రి నంబరు. ఉదయగిరి ఆసుపత్రికి ఒకటి, ఆత్మకూరు ఆసుపత్రికి ఒకటి. రోజూ ఒక గంట, డ్యూటీ సమయంలోనే, పనిగంటల్లో లెక్కగట్టి, రోగి కేసుకాగితం ముందు పెట్టుకుని డాక్టరో నర్సో జవాబు చెప్పాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోను ద్వారా, మెసేజి ద్వారా సలహా ఇవ్వడాన్ని ఒప్పుకున్నాయి. రోగి తానుగా సంప్రదిస్తే అదే సమ్మతి అన్నాయి. రోగి దగ్గర లేనప్పుడు ఇంకొకరు ఆమె తరఫున మాట్లాడాలంటే, ఆమె మైనరో అశక్తురాలో అయి ఉండాలి, లేదా అతని దగ్గర అధికారపత్రమో, ఆమెతో సంబంధాన్ని రుజువుచేసే పత్రమో ఉండాలి, లేదా అంతకుముందు డాక్టరు ఎదుట ఆమే అతన్ని ధ్రువీకరించి ఉండాలి. అంటే ఆరోగ్యంగా ఆలోచించగల ఆడమనిషి గురించి, ఏ పత్రమూ చూడకుండా, ఆమెని ఒక్క మాట అడగకుండా, భర్తతో ఫోనులో తేల్చేసే మన అలవాటుకి కాగితం మీద కూడా మద్దతు లేదు.

కనక ఓ.పి. చీటీ రాసేచోట రెండు ప్రశ్నలు చేర్చాలి. ‘‘నీ సంగతి ఎవరితో చెప్పమంటావమ్మా? ఎవరితో చెప్పొద్దంటావు?’’ జవాబు ఆమె మాటల్లో రాయాలి. ఫోను లేని స్త్రీ ఆశా ఫోను నుంచి ఒంటరిగా మాట్లాడుకునే వీలుండాలి. ఆ ఫోనుకి బిల్లు ప్రభుత్వం కట్టాలి, ఆశాకి ఆ పనికి జీతం ఇవ్వాలి. చీటీ వెనక తెలుగులో, ఏ లక్షణం కనబడితే వెంటనే బయల్దేరాలో, ఏది ఫోనులో అడగొచ్చో రాసివ్వాలి.

ఆడవాళ్ళు అడగరు, సిగ్గుపడతారు అనేవాళ్ళకి పత్రికలు ఏనాడో జవాబు చెప్పాయి. మాలతీ చందూర్ ‘ప్రమదావనం’కీ, డాక్టర్ సమరం శీర్షికకీ ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, పేరు దాచుకునే వీలుంది కనక. స్త్రీల ఆరోగ్యం మీద హైదరాబాదు స్త్రీవాదులు తెచ్చిన పుస్తకం పేరే ‘సవాలక్ష సందేహాలు’. ఇదే పడమటి నెల్లూరులో, కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యతా కేంద్రంలో చదువుకున్న స్త్రీలు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. అంతకుముందు వాళ్ళనీ నోరులేనివాళ్ళనే అన్నారు. సర్కారు సారానే ప్రశ్నించిన ఊళ్ళ ఆడవాళ్ళు తమ కుట్ల గురించి డాక్టరుని అడగలేరా? ముందు, వాళ్ళ చీటీ మీద వాళ్ళ నంబరు రాయండి.